స్కాలర్‌షిప్ బాక్సులు సరే, అసలు డబ్బు ఎక్కడుందో రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యా పేజీలో విదేశీ స్కాలర్‌షిప్‌ల గురించి వచ్చే బాక్సులు నేను శ్రద్ధగానే చదువుతాను. పేరు, అర్హత, ఆఖరు తేదీ, వెబ్‌సైట్. వాటిలో తప్పులు వెతకడానికి ఈ ఉత్తరం రాయట్లేదు. నా గొడవ వేరు. ఎనర్జీ, క్లైమేట్ పరిశోధనలో పీజీ గానీ పీహెచ్‌డీ గానీ చేద్దామనుకునే పిల్లలు ఆ బాక్సుల్నే నమ్ముకుని, అందులో కనిపించే నాలుగైదు పెద్ద పేర్లకి దరఖాస్తు పెట్టి, అవి రాకపోయేసరికి ఇక ఫండింగ్ రాదని తేల్చేసుకుంటున్నారు. ఈ రంగంలో, అందులోనూ పీహెచ్‌డీ స్థాయిలో, డబ్బు ఎక్కువగా ఉన్నది ఆ పెద్ద పేర్ల దగ్గర కాదు. రీసెర్చ్ ప్రాజెక్టుల్లో ఉంది, ప్రొఫెసర్ల గ్రాంట్లలో ఉంది, నెలనెలా జీతమిచ్చే పోస్టుల్లో ఉంది. దాని గురించి మీ పేజీలో ఒక్క ముక్కా రావట్లేదు.

నేను విద్యుత్ వ్యవస్థల మోడలింగ్ చేసే ఒక రీసెర్చ్ గ్రూపులో పనిచేస్తాను. సోలార్, విండ్ వాటా పెరిగితే గ్రిడ్ ఎలా తట్టుకుంటుంది, నిల్వ ఎంత కావాలి లాంటి లెక్కలు. మా దగ్గర పీహెచ్‌డీ చేసేవాళ్లలో ఎక్కువమంది ప్రాజెక్టు డబ్బు మీద చేరినవాళ్లే. దరఖాస్తులు చూసే పని అప్పుడప్పుడు నా మీదా పడుతుంది కాబట్టి ఎవరు ఎక్కడ దారి తప్పుతున్నారో కొంత తెలుసు.

ముందు ఒక సంగతి విడదీసి చెప్పాలి. మాస్టర్స్‌కి వచ్చే డబ్బు, పీహెచ్‌డీకి వచ్చే డబ్బు వేరు వేరు చోట్ల నుంచి వస్తాయి. చాలా దేశాల్లో మాస్టర్స్ విద్యార్థి అంటే యూనివర్సిటీకి ఆదాయం, ఫీజు కట్టేది ఆ విద్యార్థే మరి. పీహెచ్‌డీ విద్యార్థి అలా కాదు, అక్కడ కూర్చుని పరిశోధన చేసిపెడతాడు, ఆ పనికి ఎవరో ఒకరు డబ్బు పెట్టాల్సిందే. అందుకని మాస్టర్స్‌కి పూర్తి ఫండింగ్ దొరకడం కష్టం, పీహెచ్‌డీకి దొరకడం మామూలు. ఎక్కువమంది దీన్ని తల్లకిందులుగా అనుకుంటారు. చిన్న డిగ్రీకి తేలిగ్గా ఇస్తారు, పెద్ద డిగ్రీకి ఇవ్వరు అని.

మాస్టర్స్‌కి డబ్బిచ్చేది ఎక్కువగా ప్రభుత్వాలు, వాటి లెక్కలు వాటికుంటాయి. యూరోపియన్ యూనియన్ వాళ్ల ఎరాస్మస్ ముండస్ చూడండి. కనీసం 2 దేశాల్లో చదవాలి, ఫీజు వాళ్లే చూసుకుంటారు, పైన నెలకి 1,400 యూరోలు, గరిష్ఠంగా 24 నెలలు. ఇందులో ఎనర్జీ కోర్సులున్నాయి, సముద్రం మీద పునరుత్పాదక శక్తి గురించి ఒకటి, చిన్న చిన్న వికేంద్రీకృత విద్యుత్ వ్యవస్థల మీద డెన్‌సిస్ అని ఒకటి. జర్మనీ వాళ్ల డాడ్ సంస్థ ఈపాస్ పేరుతో నడిపే పథకం మన పిల్లల కంట్లో అంతగా పడదు. అభివృద్ధి చెందుతున్న దేశాల వాళ్ల కోసమే పెట్టింది అది, ఎంపిక చేసిన కోర్సుల్లో చేరితేనే ఇస్తారు. ఓల్డెన్‌బర్గ్ యూనివర్సిటీలో పునరుత్పాదక శక్తి మీద 1987 నుంచి మాస్టర్స్ కోర్సు నడుస్తోంది, ఫ్లెన్స్‌బర్గ్‌లో ఎనర్జీ, పర్యావరణ నిర్వహణ మీద ఇంకొకటి ఉంది, ఇలాంటివే ఈ పథకం కిందకి వస్తుంటాయి. దరఖాస్తు డాడ్‌కి కాదు, నేరుగా ఆ కోర్సు వాళ్లకే పంపాలి. డిగ్రీ అయ్యాక కనీసం 2 ఏళ్ల ఉద్యోగానుభవం ఉండాలి, ఆ డిగ్రీ మామూలుగా 6 ఏళ్లకి మించి పాతబడకూడదు. డిగ్రీ చేతికి రాగానే అప్లై చేసేసి తిరస్కరణ వచ్చాక బాధపడేవాళ్లు, 8 ఏళ్లు ఉద్యోగం చేశాక ఇది కనుక్కుని తల పట్టుకునేవాళ్లు, ఇద్దరూ తగులుతారు నాకు. బ్రిటన్ వాళ్ల చీవెనింగ్‌కీ 2 ఏళ్ల అనుభవం కావాలి, గంటల్లో 2,800. అది ఏడాది మాస్టర్స్‌కి మాత్రమే, చదువయ్యాక స్వదేశానికి వెళ్లి 2 ఏళ్లు ఉండాలి. తర్వాత అక్కడే పీహెచ్‌డీలో చేరదామని ప్లాన్ వేసుకున్నవాళ్లకి ఈ చివరి ముక్క ముందే తెలియాలి. జపాన్ ప్రభుత్వానిది మెక్స్ట్ అని ఉంది, ఎంబసీ ద్వారా ఒక దారి, యూనివర్సిటీ ద్వారా ఇంకో దారి. అది మాస్టర్స్‌కీ పనికొస్తుంది.

సరే, ఇవన్నీ ఎంతో కొంత మీ బాక్సుల్లో వచ్చినవే. రానిది ఇది.

ఒక ప్రొఫెసర్ ఉన్నారనుకోండి, హైడ్రోజన్ నిల్వ మీదో, వేడిగాలుల అంచనా మీదో ఒక ప్రతిపాదన రాస్తారు. గ్రాంటు వస్తుంది. ఆ బడ్జెట్‌లోనే ఇద్దరు పీహెచ్‌డీ విద్యార్థులకి 3, 4 ఏళ్ల జీతం రాసి ఉంటుంది. అప్పుడు ఆ గ్రూపు వెబ్‌సైట్‌లో, యూనివర్సిటీ ఉద్యోగాల పేజీలో ఒక ప్రకటన పడుతుంది, నెలో నెలన్నరో ఉంటుంది, మంచి మనిషి దొరికితే తీసేస్తారు. దీనికి సీజన్ లేదు. జనవరిలో పడొచ్చు, ఆగస్టులో పడొచ్చు. స్కాలర్‌షిప్‌ల పేజీల్లో ఎంత వెతికినా కనిపించదు, ఎందుకంటే వాళ్ల లెక్కలో ఇది ఉద్యోగ ప్రకటన. నెదర్లాండ్స్, స్వీడన్, నార్వే, డెన్మార్క్, జర్మనీలో పీహెచ్‌డీ చాలావరకు ఇలాగే జరుగుతుంది. స్వీడన్‌లో అయితే ఏ దేశం వాళ్లయినా సరే పీహెచ్‌డీకి ఫీజే లేదు. యూరప్ మొత్తానికి యూరాక్సెస్ అనే వెబ్‌సైట్ ఉంది, పరిశోధనా ఉద్యోగాలు చాలావరకు అక్కడ పెడతారు, అందులో ఎనర్జీ అని వెతికితే చాలు, కళ్లు తిరుగుతాయి. ఇదంతా ఏదో మూలన దాగిన చిల్లర డబ్బు కూడా కాదు. యూరోపియన్ యూనియన్ 2021 నుంచి 2027 దాకా నడిపే హొరైజన్ యూరప్ అనే పరిశోధనా పథకానికి మొదట్లో పెట్టిన బడ్జెట్ 9,550 కోట్ల యూరోలు, అందులో 35 శాతం వాతావరణ లక్ష్యాలకి ఉపయోగపడాలని వాళ్లే నియమం పెట్టుకున్నారు.

ఆ హొరైజన్‌లో భాగంగానే మేరీ స్క్లొడొవ్‌స్కా క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్కులు ఉన్నాయి. కొన్ని యూనివర్సిటీలు, కంపెనీలు కలిసి ఒక అంశం మీద పది పన్నెండుమంది పీహెచ్‌డీ విద్యార్థుల్ని తీసుకుంటాయి. జీతం బాగుంటుంది, ఏ దేశం వాళ్లయినా పెట్టుకోవచ్చు. కానీ ఒక మెలిక ఉంది. ఉద్యోగంలో చేరే తేదీకి ముందు 36 నెలల్లో, మీరు చేరబోయే దేశంలో 12 నెలలకి మించి నివసించి గానీ పనిచేసి గానీ ఉండకూడదు. అప్పు చేసి జర్మనీ వెళ్లి 2 ఏళ్లు మాస్టర్స్ చేసిన అబ్బాయి, అది అవగానే జర్మనీలోనే ఉన్న మేరీ క్యూరీ పోస్టుకి పెట్టుకుంటే ఎంత బాగా చదివినా అనర్హుడే. అదే అబ్బాయి డెన్మార్క్‌లోని పోస్టుకి పెట్టుకోవచ్చు. జర్మనీలో మామూలు ప్రాజెక్టు పోస్టుకీ పెట్టుకోవచ్చు, వాటికి ఈ నిబంధన లేదు. ఇంత చిన్న విషయం ఎవరూ చెప్పక, దరఖాస్తులు రాసి రాసి అలసిపోయినవాళ్లని చూశాను.

జర్మనీ జీతాల గురించి కూడా ఒక మాట. పోస్టు టీవీఎల్ 13 గ్రేడు (అక్కడి రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల జీతాల స్కేలు) అని రాసి, పక్కన 65 శాతం అనో 75 శాతం అనో ఉంటుంది. అంటే ఆ గ్రేడు జీతంలో అంత భాగమే ఇస్తారు. ఇంజినీరింగ్ విభాగాల్లో 100 శాతం దొరుకుతుంది, ఎర్త్ సైన్స్‌లో, సోషల్ సైన్స్‌లో తక్కువ ఉంటుంది. 65 అని ఉంటే మోసం అనుకోనక్కర్లేదు. మిగతా సమయం థీసిస్‌కి అంటారు, అసలు పనిగంటలు ఎలా ఉంటాయన్నది మాత్రం ఇంటర్వ్యూలో ఆ గ్రూపు విద్యార్థుల్నే అడగాలి, ప్రొఫెసర్‌ని కాదు.

అమెరికా పద్ధతి ఇంకో రకం. అక్కడ చాలా డిపార్ట్‌మెంట్లు నాలుగేళ్ల బ్యాచిలర్స్ డిగ్రీ ఉంటే నేరుగా పీహెచ్‌డీలోకి తీసుకుంటాయి, రీసెర్చ్ అసిస్టెంట్‌గానో టీచింగ్ అసిస్టెంట్‌గానో పెట్టుకుని ఫీజు మాఫీ చేసి నెలనెలా స్టైపెండ్ ఇస్తాయి. కాబట్టి నిజంగా పరిశోధనే చేయాలనుకునేవాళ్లు మాస్టర్స్ ఫీజు కోసం ఇల్లు తాకట్టు పెట్టేముందు ఒకసారి ఆగి, మనకి నేరుగా పీహెచ్‌డీ వస్తుందేమో చూసుకోవాలి. అలాగే, ఆఫర్ వచ్చాక ‘వెంటనే చెప్పు’ అని ఒత్తిడి చేస్తే టెన్షన్ పడక్కర్లేదు. అక్కడి గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి ఒప్పందం మీద సంతకం చేసిన యూనివర్సిటీలు ఫండింగ్ ఆఫర్‌కి జవాబివ్వడానికి ఏప్రిల్ 15 దాకా సమయం ఇవ్వాలి. ఇక ఇంటర్నెట్‌లో తిరిగే జాబితాల్లో అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వాళ్ల ఎన్‌ఎస్‌ఎఫ్ గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ పేరు తరచూ కనిపిస్తుంది, అది అమెరికా పౌరులకి, శాశ్వత నివాసులకి మాత్రమే. దయచేసి మీ బాక్సుల్లోకి దాన్ని రానివ్వకండి. బ్రిటన్‌లో ప్రభుత్వ పరిశోధనా మండళ్ల పీహెచ్‌డీ డబ్బు 2021 నుంచి అన్ని దేశాల వాళ్లకీ తెరిచారు, కాకపోతే విదేశీయుల వాటా 30 శాతం దాటకూడదు. అందుకే అక్కడ దరఖాస్తు ఆఖరు తేదీ దాకా ఆగడం మంచిది కాదు.

ప్రాజెక్టు డబ్బుకి ఒక బలహీనత ఉంది, అదీ చెప్పాలి. ప్రభుత్వం మారితే అదీ కదులుతుంది. 2025లో అమెరికాలో ఫెడరల్ రీసెర్చ్ గ్రాంట్లు చాలా ఆగిపోయాయి, రద్దయ్యాయి, అందులో క్లైమేట్ అనే మాట ఉన్నవి ముందు వరసలో ఉన్నాయి. కొన్ని యూనివర్సిటీలు ఆ ఏడాది పీహెచ్‌డీ సీట్లు తగ్గించేశాయి. అందుకని ఏ దేశమైనా సరే, ఆఫర్ లెటర్‌లో ఎన్నేళ్లకి హామీ ఇస్తున్నారు, గ్రాంటు మధ్యలో పోతే డిపార్ట్‌మెంట్ ఆదుకుంటుందా అని అడగాలి. అడిగితే తప్పుగా అనుకుంటారేమో అని మనవాళ్లు మొహమాటపడతారు. ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంకో పెద్ద పొరపాటు వెతికే పద్ధతిలోనే ఉంది. క్లైమేట్ సైన్స్, రెన్యూవబుల్ ఎనర్జీ అని బోర్డు పెట్టుకున్న కోర్సుల దగ్గరే అందరూ గుమిగూడతారు, పోటీ అంతా అక్కడే. పని జరిగేది మాత్రం పాత పేర్ల డిపార్ట్‌మెంట్లలో. బ్యాటరీల మీద పరిశోధన కెమిస్ట్రీలో, మెటీరియల్స్‌లో ఉంటుంది. గ్రిడ్ ఎలక్ట్రికల్‌లో ఉంటుంది. కార్బన్ ధర ఎకనామిక్స్‌లో, వరదలు సివిల్‌లో, ఎండదెబ్బ మరణాలు పబ్లిక్ హెల్త్‌లో. ఫలానా వడగాడ్పుకి భూతాపం ఎంత కారణమో లెక్కగట్టే పనిలో సగం స్టాటిస్టిక్స్. 2021లో వాతావరణ నమూనాలకి నోబెల్ ఇచ్చారు కదా, సుకురో మనాబేకి, క్లాస్ హాసెల్‌మాన్‌కి, అది ఇచ్చింది ఫిజిక్స్ కింద. హాసెల్‌మాన్ హాంబర్గ్‌లో మొదలుపెట్టిన మాక్స్ ప్లాంక్ మెటియరాలజీ సంస్థలో ఇప్పటికీ పీహెచ్‌డీ స్కూలు నడుస్తోంది, ఫిజిక్స్, మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్ వాళ్లు కూడా అక్కడ చేరతారు. మెకానికల్ చదివిన అమ్మాయి ‘నాకు క్లైమేట్ డిగ్రీ లేదు కదా’ అని వెనక్కి తగ్గడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆమెకి ఉష్ణ బదిలీ తెలుసు, ద్రవాల కదలిక తెలుసు, మాకు కావలసింది అదే.

ప్రొఫెసర్లకి రాసే ఈమెయిళ్ల సంగతి ఎత్తితే మళ్లీ ఇంకో ఉత్తరం అవుతుంది, కానీ వదలలేను. ‘డియర్ సర్, మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో’ అని మొదలై పర్యావరణం మీద ప్రేమతో ముగిసేవి రోజూ వస్తాయి. వాటిని చదవరు, చదివే తీరిక ఉండదు. అదే, మీ ఫలానా పేపర్‌లో గాలి వేగం డేటా ఫలానా చోటునుంచి తీసుకున్నారు, నేను నా ప్రాజెక్టులో అదే డేటాతో ఇది చేశాను, కోడ్ ఇక్కడ ఉంది, వచ్చే ఏడాదికి పోస్టు ఉందా అని ఐదారు వరసలు రాస్తే జవాబు వచ్చే అవకాశం ఉంది. కచ్చితంగా వస్తుందని చెప్పను. కానీ ఆ కోడ్ లింకు ఎవరో ఒకరు నొక్కి చూస్తారు. ప్రేమని ఎవరూ కొలవలేరు, పని చూడగలరు.

ఫీజు లేని దేశాలు అని మీరు ఎప్పుడైనా జాబితా వేస్తే తేదీలు సరిచూసి వేయండి. యూరప్ బయటివాళ్లకి స్వీడన్ 2011లో, ఫిన్లాండ్ 2017లో, నార్వే 2023లో మాస్టర్స్ ఫీజులు పెట్టేశాయి. జర్మనీలో ఇంకా చాలాచోట్ల ఫీజు లేదు గానీ బాడెన్ వూర్టెంబెర్గ్ రాష్ట్రంలో సెమిస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటారు, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 చివర్లో మొదలైన సెమిస్టర్ నుంచి విదేశీయుల దగ్గర వసూలు మొదలుపెట్టింది. ఫీజు లేకపోయినా వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకింత అని మాత్రమే తీసుకోగల ఖాతాలో) డబ్బు చూపించాలి, 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు. ఫీజు లేదన్న మాట ఒక్కటే విని బయల్దేరిన కుటుంబానికి ఇది చివర్లో తెలిస్తే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

కన్సల్టెన్సీల గురించి కూడా మీరు రాస్తే బాగుంటుంది. చాలా యూనివర్సిటీలు ఏజెంట్లకి చేర్పించిన విద్యార్థికింత అని కమీషన్ ఇస్తాయి, అది విద్యార్థి కట్టిన ఫీజులోంచే పోతుంది. జీతమిచ్చే పీహెచ్‌డీ పోస్టు మీద ఏ ఏజెంటుకీ కమీషన్ రాదు. అలాంటప్పుడు వాళ్లు ఆ దారి ఎందుకు చూపిస్తారు? వాళ్లని తిట్టడం కాదు, వాళ్ల వ్యాపారం అది. ఆ దారి చూపించాల్సింది పత్రికలు, కాలేజీల్లో లెక్చరర్లు.

ఈ రంగంలో చిక్కు ప్రశ్న ఇంకొకటుంది, చమురు కంపెనీల డబ్బు. ప్రిన్స్‌టన్‌లో కార్బన్ మిటిగేషన్ ఇనిషియేటివ్ 2000లో చమురు కంపెనీ బీపీ డబ్బుతో మొదలైంది, అందులోంచే 2004లో పకాలా, సోకొలో రాసిన పేపర్ వచ్చింది, ఉద్గారాల్ని ముక్కలు ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కని ఒక్కో పద్ధతిలో ఎలా తగ్గించాలో చెప్పిన పేపర్, నేటికీ క్లాసుల్లో చెబుతారు. అదే యూనివర్సిటీ 2022లో 90 శిలాజ ఇంధన కంపెనీలతో ఆర్థిక సంబంధాలు తెంచుకుంటున్నట్టు ప్రకటించింది. కాబట్టి తీసుకోవాలా వద్దా అన్నదానికి ఒకే జవాబు లేదు. నా అభిప్రాయం అడిగితే, ఫలితాలు నచ్చకపోతే ప్రచురణ ఆపే హక్కు కంపెనీకి ఉందా లేదా అన్నది చూడండి. ఉంటే వద్దు. లేకపోతే ఎవరి ఇష్టం వాళ్లది. మా గ్రూపులోనే దీని మీద వాదనలు తేలలేదు.

పీహెచ్‌డీలో చేరిపోయినవాళ్లకి కూడా దారులున్నాయి, ఇవి అసలే ఎవరికీ తెలియవు. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం ఐపీసీసీకి 2007లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది కదా, ఆ డబ్బుతో వాళ్లు అభివృద్ధి చెందుతున్న దేశాల డాక్టోరల్ విద్యార్థులకి స్కాలర్‌షిప్ నిధి పెట్టారు. ఆస్ట్రియాలో వియన్నా పక్కన లాక్సెన్‌బర్గ్‌లో ఐయాసా అని ఒక అంతర్జాతీయ సంస్థ ఉంది, 1977 నుంచి పీహెచ్‌డీ విద్యార్థుల్ని ఒక వేసవి, 3 నెలలు పిలిచి అక్కడి శాస్త్రవేత్తలతో కలిసి పని చేయిస్తుంది. విద్యార్థి దేశం అందులో సభ్యురాలైతే ఖర్చులకి డబ్బు దొరికే వీలు ఎక్కువ. పెద్ద మొత్తం కాదు గానీ, ఎనర్జీ మోడలింగ్‌లో పేరున్నవాళ్లు చాలామంది ఆ వేసవి గుమ్మం దాటి వచ్చినవాళ్లే.

అడిగేది ఎక్కువ కాదు. ఏ పథకం గురించి రాసినా ఫీజు మొత్తం పోతుందా లేక కొంతేనా, మొదటి నెల డబ్బు చేతికి ఎప్పుడొస్తుంది (చాలాచోట్ల బ్యాంకు ఖాతా తెరిచాకే వేస్తారు, అప్పటిదాకా అద్దె, అడ్వాన్సు సొంతంగా పెట్టుకోవాలి), ఉద్యోగానుభవం కావాలా, తిరిగి రావాలన్న షరతు ఉందా, ఈ నాలుగూ రాయండి. దానితోపాటు నెలకోసారి, స్కాలర్‌షిప్‌లు కాకుండా, ఎనర్జీ, క్లైమేట్ గ్రూపుల్లో ఖాళీగా ఉన్న పీహెచ్‌డీ పోస్టుల్ని ఒక కాలమ్‌గా వేయండి. వాటిని ఏరి ఇవ్వడానికి నాలాంటివాళ్లు ముందుకొస్తారు, నేను వస్తాను.

ఉత్తరం పొడుగైంది, తెలుసు. కత్తిరించాల్సి వస్తే చమురు కంపెనీల పేరా తీసేయండి, మేరీ క్యూరీ 36 నెలల నిబంధన మాత్రం ఉంచండి. పేరు వేయవద్దని మనవి.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక ఎనర్జీ పరిశోధకురాలు